గంజాయిపై ప్రజల ఓటు: కాలిఫోర్నియాలో చట్టం ఎలా మారింది, పన్ను ఎక్కడ తప్పింది

2016 నవంబర్ 8న అమెరికా అధ్యక్షుడిగా డొనాల్డ్ ట్రంప్‌ను ఎన్నుకున్న రోజే కాలిఫోర్నియా ఓటర్లు మరో 17 రాష్ట్ర స్థాయి ప్రశ్నలకు కూడా జవాబు చెప్పాల్సి వచ్చింది. వాటిలో 64వ నంబరు ప్రతిపాదన గంజాయికి సంబంధించింది. 21 ఏళ్లు నిండినవారు గంజాయిని కొనుక్కోవచ్చా, దాన్ని మద్యంలా లైసెన్సులిచ్చి అమ్మించి పన్ను వసూలు చేయవచ్చా అన్నది ప్రశ్న. 57 శాతం మంది అవునన్నారు. అమెరికాలో అత్యధిక జనాభా ఉన్న రాష్ట్రంలో, శాసనసభ్యుల ప్రమేయం లేకుండా, చట్టం మారిపోయింది.

ఆ ఓటుతో తేలిన విషయాలు కొన్ని. తేలకుండా మిగిలినవి ఇంకా ఎక్కువ. కాలిఫోర్నియాలో ఈ పన్ను చుట్టూ వివాదం నేటికీ ఆగలేదు. గంజాయిపై నిషేధం ఎత్తేయడం ఓటర్ల చేతిలో పనే. అక్రమ వ్యాపారిని చట్టబద్ధమైన దుకాణంలోకి రప్పించడం మాత్రం పన్ను రేటు మీద, స్థానిక పాలకుల మీద, వాషింగ్టన్‌లోని ఫెడరల్ ప్రభుత్వం మీద ఆధారపడిన పని.

ఓటర్లే చట్టం రాసే పద్ధతి

అమెరికాలో దాదాపు సగం రాష్ట్రాల్లో పౌరులు తామే ఒక చట్టం ముసాయిదా రాసి, నిర్ణీత సంఖ్యలో సంతకాలు సేకరించి, దాన్ని నేరుగా ఎన్నికల్లో ఓటుకు పెట్టవచ్చు. దీన్ని ఇనీషియేటివ్ అంటారు. 1898లో సౌత్ డకోటా ఈ పద్ధతిని మొదట తెచ్చింది. కాలిఫోర్నియాకు 1911లో గవర్నర్ హైరమ్ జాన్సన్ హయాంలో వచ్చింది. అప్పట్లో రాష్ట్ర రాజకీయాలు రైల్వే కంపెనీ గుప్పిట్లో ఉండేవి. శాసనసభను దాటి పోయే దారి ఒకటి ప్రజలకు ఉండాలన్నది ఆనాటి సంస్కరణవాదుల వాదన.

కాలిఫోర్నియాలో మామూలు చట్టం కోసమైతే గత గవర్నర్ ఎన్నికల్లో పోలైన ఓట్లలో 5 శాతం సంతకాలు కావాలి. రాజ్యాంగ సవరణ అయితే 8 శాతం. 2016లో ప్రొపొజిషన్ 64కు 3,65,880 సంతకాలు అవసరమయ్యాయి. సూపర్ మార్కెట్ల ముందు అట్టలు పట్టుకుని నిలబడి సంతకాలు అడిగేవారు ఎక్కువగా జీతానికి చేసేవారే కాబట్టి ఇది డబ్బున్నవారి ఆట కూడా. ప్రొపొజిషన్ 64కు నాప్‌స్టర్ సహ వ్యవస్థాపకుడు షాన్ పార్కర్ ఒక్కరే 80 లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. వ్యతిరేకులు సమకూర్చుకున్నది అందులో కొద్ది భాగమే.

ఇలా ఓటుతో వచ్చిన చట్టాన్ని శాసనసభ తనంతట తాను మార్చలేకపోవడం కాలిఫోర్నియా ప్రత్యేకత. ప్రతిపాదనలోనే అనుమతి రాసి ఉంటే తప్ప సవరణకు మళ్లీ ప్రజల దగ్గరికే వెళ్లాలి. ప్రొపొజిషన్ 64 రాసినవారు ఈ ఇబ్బందిని ఊహించి, చాలా అంశాల్లో మూడింట రెండు వంతుల మెజారిటీతో సవరించుకునే వీలు ఉంచారు. ఆ వాక్యం లేకపోతే తర్వాత జరిగిన పన్ను మార్పులు అంత తేలిగ్గా సాధ్యమయ్యేవి కావు.

2010లో ఎందుకు ఓడింది

గంజాయి ప్రశ్న కాలిఫోర్నియా ఓటర్లకు కొత్త కాదు. 1972లోనే ప్రొపొజిషన్ 19 పేరుతో శిక్షలు ఎత్తేయాలన్న ప్రతిపాదన వచ్చి, మూడింట రెండు వంతుల వ్యతిరేకతతో కొట్టుకుపోయింది. 1996లో ప్రొపొజిషన్ 215 సుమారు 56 శాతంతో గెలిచింది. డాక్టరు సిఫారసు ఉన్న రోగులు గంజాయి వాడుకోవచ్చని చెప్పిన తొలి అమెరికా రాష్ట్రం అదే. ఎయిడ్స్, క్యాన్సర్ రోగుల బాధలు చూసిన ఓటర్లు అప్పుడు మెత్తబడ్డారు. తర్వాత ఆ సిఫారసు చీటీ సంపాదించడం ఎంత సులభమైపోయిందంటే, వైద్యం అనే మాట చాలామందికి తెరచాటు మాత్రమే అయింది.

2010లో యాదృచ్ఛికంగా మళ్లీ 19వ నంబరే వచ్చింది. ఈసారి వాదన మారింది. 2008 ఆర్థిక సంక్షోభంతో రాష్ట్ర ఖజానా ఖాళీ అయింది. 2009 జులైలో కాలిఫోర్నియా ప్రభుత్వం బిల్లులు చెల్లించలేక, తర్వాత ఇస్తామంటూ హామీ పత్రాలు రాసిచ్చే పరిస్థితి. అదే ఏడాది శాసనసభ్యుడు టామ్ అమియానో గంజాయిపై ఔన్సుకు, అంటే సుమారు 28 గ్రాములకు, 50 డాలర్ల పన్ను వేసే బిల్లు పెడితే, పన్నుల బోర్డు ఏటా 140 కోట్ల డాలర్లు రావచ్చని లెక్క కట్టింది. ఆ అంకె ప్రచారంలో మంత్రంలా తిరిగింది. ఓక్లండ్‌లో గంజాయి సాగు నేర్పే శిక్షణ సంస్థ నడిపే రిచర్డ్ లీ సొంత డబ్బు పెట్టి ప్రతిపాదనను బ్యాలెట్ మీదకు తెచ్చారు.

వేసవి దాకా సర్వేల్లో ముందున్న ఆ ప్రతిపాదన నవంబర్‌లో 46.5 శాతం దగ్గరే ఆగిపోయింది. కారణాలు పలు. గవర్నర్ పదవికి పోటీ పడిన జెర్రీ బ్రౌన్, మెగ్ విట్‌మన్ ఇద్దరూ వద్దన్నారు. ఫెడరల్ చట్టాన్ని గట్టిగా అమలు చేసి తీరతామని అటార్నీ జనరల్ ఎరిక్ హోల్డర్ ఎన్నికలకు కొద్ది వారాల ముందు ప్రకటించారు. గవర్నర్ ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ సెప్టెంబర్ చివర్లో సంతకం చేసిన మరో చట్టంతో ఔన్సు లోపు గంజాయి దగ్గరుంచుకోవడం 100 డాలర్ల జరిమానాతో సరిపోయే తప్పుగా మారింది. జైలు భయమే పోయాక ఇంకా ఈ ఓటెందుకన్న మాట వ్యతిరేకులకు దొరికింది.

అందరికంటే ఆశ్చర్యపరిచింది గంజాయి రైతులు. హంబోల్ట్, మెండొసీనో, ట్రినిటీ కౌంటీలను కలిపి ఎమరాల్డ్ ట్రయాంగిల్ అంటారు. దశాబ్దాలుగా కొండల్లో దొంగచాటుగా ఈ పంట పండించి బతికిన ప్రాంతం అది. ఆ మూడు కౌంటీలూ ప్రతిపాదనను తిరస్కరించాయి. వాళ్ల లెక్క వాళ్లకుంది. ధర ఎక్కువగా ఉండటానికి కారణం నిషేధమే. నిషేధం పోతే ఉత్పత్తి ధర 80 శాతానికి పైగా పడిపోవచ్చని ర్యాండ్ పరిశోధకులు ఆ ఏడాదే హెచ్చరించారు. పెద్ద కంపెనీలు మైదానాల్లో ఎకరాల కొద్దీ పండిస్తే కొండల్లో పెరటి రైతు నిలబడలేడు. పదేళ్ల తర్వాత జరిగింది దాదాపు అదే.

పన్ను విషయంలో కూడా 2010 ముసాయిదా బలహీనం. అమ్మకాలను అనుమతించాలా, ఎంత పన్ను వేయాలా అన్నది ఏ నగరానికి ఆ నగరం, ఏ కౌంటీకి ఆ కౌంటీ నిర్ణయించుకోవాలని రాశారు. 58 కౌంటీలు, 480 దాకా నగరాలు, ఎక్కడికక్కడ వేరు వేరు నియమాలు. రాష్ట్రానికి ఎంత వస్తుందో ఎవరూ చెప్పలేని స్థితి.

కొలరాడో వేసిన బాట

రెండేళ్లకే, 2012 నవంబర్ 6న, కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు ఆ పని చేసి చూపించాయి. రెండు చోట్లా సుమారు 55 శాతం మద్దతు. వినోదం కోసం వాడే గంజాయిని చట్టబద్ధం చేసిన తొలి రాష్ట్రాలు అవే. అదే రోజు ఒరెగన్ ఓటర్లు ఇలాంటి ప్రతిపాదననే ఓడించారు. అక్కడి ముసాయిదా మరీ వదులుగా ఉండటం ఒక కారణం. 2014లో కట్టుదిట్టంగా రాసి తెస్తే అదే ఒరెగన్ ఒప్పుకుంది.

కొలరాడోలో ప్రతిపాదన రాజ్యాంగ సవరణ రూపంలో వచ్చింది. మద్యంలాగే నియంత్రిస్తామన్నది ప్రచార నినాదం. పైగా టోకు అమ్మకాలపై వేసే పన్నులో తొలి 4 కోట్ల డాలర్లు ఏటా ప్రభుత్వ పాఠశాలల భవనాలకు పోతాయని బ్యాలెట్‌లోనే రాశారు. గంజాయి ముట్టని ఓటరుకు కూడా ఒక కారణం దొరికింది. పన్ను రేట్ల కోసం 2013లో విడిగా మరో ఓటింగ్ జరపాల్సి వచ్చింది. కొలరాడో రాజ్యాంగం ప్రకారం ఓటర్లను అడగకుండా కొత్త పన్ను వేయడానికి లేదు మరి. 2014 జనవరి 1న దుకాణాలు తెరుచుకున్నాయి. గంజాయి పన్ను ఆదాయం 2021లో 42 కోట్ల డాలర్లు దాటింది. పొరుగు రాష్ట్రాలు కూడా ఒక్కొక్కటిగా అనుమతించడం, కొవిడ్ కాలపు గిరాకీ తగ్గడం, ధరలు పడిపోవడంతో 2023 నాటికి అది 28 కోట్ల లోపుకు జారింది.

2018 జనవరిలో వెర్మాంట్ శాసనసభ ఆమోదించేదాకా వినోద గంజాయిని అనుమతించిన ప్రతి రాష్ట్రమూ ఓటుతోనే ఆ పని చేసింది. పోలీసు సంఘాలకు, చర్చిలకు జవాబు చెప్పుకోవాల్సిన శాసనసభ్యులు ముట్టుకోవడానికి జంకిన విషయం ఇది.

ప్రొపొజిషన్ 64లో ఏముంది

2016 ముసాయిదా రాసినవారు 2010 ఓటమి నుంచి, కొలరాడో గెలుపు నుంచి పాఠాలు తీసుకున్నారు. 21 ఏళ్లు దాటినవారు 28.5 గ్రాముల వరకు గంజాయి దగ్గర ఉంచుకోవచ్చు, ఇంట్లో ఆరు మొక్కలు పెంచుకోవచ్చు. బహిరంగ ప్రదేశాల్లో పీల్చడానికి వీల్లేదు. గతంలో శిక్ష పడినవారు తమ కేసును తగ్గించమనో, కొట్టేయమనో కోర్టును అడగవచ్చు. గంజాయి దగ్గరుందన్న నేరానికి అరెస్టయ్యే అవకాశం దేశవ్యాప్తంగా తెల్లవారి కంటే నల్లజాతివారికి 3.7 రెట్లు ఎక్కువని పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ 2013లో చూపించింది. అందుకే ఈ అంశం కొందరు ఓటర్లకు పన్ను కంటే ముఖ్యమైంది.

పన్ను రెండు చోట్ల వేశారు. కొనుగోలుదారు మీద 15 శాతం ఎక్సైజ్, రైతు మీద ఎండు పువ్వుకు ఔన్సుకు 9.25 డాలర్ల సాగు పన్ను. వచ్చిన డబ్బులో పరిశోధన, నిర్వహణ ఖర్చులు పోగా 60 శాతం యువత మత్తు నివారణ, చికిత్సకు, 20 శాతం అక్రమ సాగుతో పాడైన నదులు, అడవుల పునరుద్ధరణకు, మిగతా 20 శాతం పోలీసు, ప్రజా భద్రత పనులకు. ఏటా 100 కోట్ల డాలర్ల దాకా రావచ్చని ఓటర్లకు పంపిన అధికారిక సమాచార పుస్తకం చెప్పింది.

చిన్న రైతులకు ఊరటగా మొదటి ఐదేళ్లు భారీ సాగు లైసెన్సులు ఇవ్వకూడదని కూడా రాశారు. అయితే 2017 నవంబర్‌లో వ్యవసాయ శాఖ తెచ్చిన నిబంధనల్లో ఒకే సంస్థ చిన్న లైసెన్సులు ఎన్నయినా పోగేసుకునే సందు మిగిలింది. పెద్ద పెట్టుబడి ఆ సందులోంచే వచ్చింది.

పన్ను లెక్క ఎక్కడ తప్పింది

2018 జనవరి 1న అమ్మకాలు మొదలయ్యాయి. లాస్ ఏంజెలెస్‌లో అప్పటి బిల్లు ఎలా ఉండేదో చూస్తే సమస్య అర్థమవుతుంది. 100 డాలర్ల సరుకు మీద 15 శాతం ఎక్సైజ్. నగరం వేసే 10 శాతం గంజాయి పన్నును వ్యాపారి కొనుగోలుదారు మీదకే నెడతాడు. ఈ మొత్తం మీద మళ్లీ 9.5 శాతం సేల్స్ ట్యాక్స్. మరీ కచ్చితమైన లెక్క కాదు గానీ, 100 డాలర్ల సరుకుకు బిల్లు 135 డాలర్లు దాటేది. రైతు కట్టిన సాగు పన్ను, ప్రయోగశాల పరీక్షల ఖర్చు ముందే ఆ 100లో కలిసి ఉంటాయి. పాత పరిచయస్తుడి దగ్గర ఇవేవీ లేవు. అదే సరుకు, అదే వీధిలో, తక్కువ ధరకు.

పైగా దుకాణాలే లేవు. ప్రొపొజిషన్ 64 నగరాలకు, కౌంటీలకు తమ పరిధిలో అమ్మకాలను నిషేధించే అధికారం ఇచ్చింది. సగానికి పైగా ఆ అధికారాన్ని వాడుకున్నాయి. రాష్ట్రంలో చాలామందికి చట్టబద్ధమైన గంజాయి ఇంటికి చాలా దూరంలో ఉన్న పరిస్థితి. ఓటింగ్‌లో అవునన్న పట్టణాల్లోనే మా వీధిలో మాత్రం వద్దన్న కౌన్సిళ్లు కూడా ఉన్నాయి. మద్యం దుకాణాల మీద గొడవలు చూసినవారికి ఇది వింతగా అనిపించదు.

2018–19 ఆర్థిక సంవత్సరంలో గంజాయి పన్నులతో 64.3 కోట్ల డాలర్లు వస్తాయని గవర్నర్ బడ్జెట్ మొదట అంచనా వేసింది. చివరికి దాన్ని 28.8 కోట్లకు కుదించుకోవాల్సి వచ్చింది. కొవిడ్ ఏళ్లలో అమ్మకాలు పెరిగి, సేల్స్ ట్యాక్స్‌తో కలిపి 2021లో ఆదాయం 100 కోట్ల డాలర్లు దాటింది. ఆ వెంటనే టోకు ధరలు కుప్పకూలాయి. సాగు పన్ను ధరను బట్టి కాకుండా బరువును బట్టి వేసింది కావడంతో ధర సగమైనా పన్ను తగ్గదు. ఎమరాల్డ్ ట్రయాంగిల్‌లో చాలామంది రైతులు పంట వదిలేశారు. సాగు పన్ను ఎత్తేయాలని శాసనసభ ఆర్థిక విశ్లేషణ కార్యాలయం 2019 చివర్లోనే సూచించింది. 2022 జులై 1న గానీ అది రద్దు కాలేదు.

ఆ రద్దుకు ఒక మెలిక పెట్టారు. పోగొట్టుకున్న ఆదాయాన్ని పూడ్చేందుకు 2025లో ఎక్సైజ్‌ను 19 శాతం దాకా పెంచవచ్చన్నారు. అన్నట్టే 2025 జులై 1న 19 శాతం అయింది. వ్యాపారులు గగ్గోలు పెట్టారు. మూడు నెలలు తిరక్కుండానే, అక్టోబర్ 1 నుంచి, రేటును మళ్లీ 15 శాతానికి తెచ్చే చట్టంపై గవర్నర్ గావిన్ న్యూసమ్ సంతకం చేశారు. 2016లో లెఫ్టినెంట్ గవర్నర్ హోదాలో ప్రొపొజిషన్ 64కు ముందు నిలిచి ప్రచారం చేసిన నాయకుడు ఆయనే. పన్ను తగ్గితే పిల్లల సంరక్షణ పథకాలకు వెళ్లే డబ్బు తగ్గుతుందని ఆ సేవల మీద ఆధారపడిన సంస్థలు అభ్యంతరం చెప్పాయి. పన్ను ఆదాయాన్ని ముందే పంచేసిన చట్టంలో ఈ చిక్కు ఎప్పుడూ ఉంటుంది. వాటా అందుకునేవారు ఆ రేటుకు కాపలాదారులవుతారు.

గెలిచినా చెల్లని ఓట్లు

ఓట్లు ఎక్కువ వచ్చినంత మాత్రాన ప్రతిపాదన చట్టమవుతుందని లేదు. ఫ్లోరిడాలో రాజ్యాంగ సవరణకు 60 శాతం కావాలి. 2024 నవంబర్‌లో అక్కడి గంజాయి ప్రతిపాదనకు దాదాపు 56 శాతం వచ్చాయి. కాలిఫోర్నియాలో అయితే గెలుపే. ఫ్లోరిడాలో ఓటమి. ప్రధానంగా ఒకే గంజాయి కంపెనీ 14 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టిన ప్రచారం అది.

సౌత్ డకోటా 2020లో 54 శాతంతో ఆమోదించింది. ఒక ప్రతిపాదనలో ఒకే అంశం ఉండాలన్న నియమాన్ని ఉల్లంఘించారంటూ కోర్టులు కొట్టేశాయి. మిసిసిపీ ఉదంతం మరీ విచిత్రం. సంతకాలు ఐదు కాంగ్రెస్ నియోజకవర్గాల నుంచి సమానంగా రావాలని ఆ రాష్ట్ర రాజ్యాంగంలో ఉంది. జనాభా లెక్కల తర్వాత నియోజకవర్గాలు నాలుగే మిగిలాయి. 2020లో ఓటర్లు భారీ మెజారిటీతో ఆమోదించిన వైద్య గంజాయి ప్రతిపాదనను రాష్ట్ర సుప్రీంకోర్టు 2021 మే నెలలో ఈ కారణంతోనే రద్దు చేసింది. దాంతో ఇనీషియేటివ్ పద్ధతే ఆ రాష్ట్రంలో మూలపడింది.

ఫెడరల్ చట్టం, తెలుగువారి వీసాలు

ఏ రాష్ట్రం ఎలా ఓటేసినా, 1970 నాటి ఫెడరల్ నియంత్రిత పదార్థాల చట్టం గంజాయిని హెరాయిన్‌తో పాటు మొదటి షెడ్యూల్‌లో పెట్టింది. కాలిఫోర్నియా వైద్య గంజాయి కేసులో 2005లో అమెరికా సుప్రీంకోర్టు 6–3 తీర్పుతో ఫెడరల్ చట్టానిదే పైచేయి అని చెప్పింది. మరి రాష్ట్రాల ఓటుకు విలువేమిటి? గంజాయి అరెస్టుల్లో అత్యధిక భాగం స్థానిక పోలీసులు చేసేవే. ఫెడరల్ చట్టాన్ని అమలు చేయమని వాళ్లను వాషింగ్టన్ బలవంతపెట్టలేదు. రాష్ట్రం తన శిక్షను తీసేస్తే పట్టుకునేవారు దాదాపుగా ఉండరు. 2013లో ఒబామా ప్రభుత్వం చూసీచూడనట్టు పోదామని మెమో ఇచ్చింది. 2018 జనవరిలో ట్రంప్ తొలి ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. వ్యాపారాలు మాత్రం ఆగలేదు. కాకపోతే బ్యాంకులు ఖాతాలు తెరవడానికి జంకుతాయి. 1982 నాటి పన్ను నిబంధన వల్ల అద్దె, జీతాల వంటి మామూలు ఖర్చులను కూడా ఫెడరల్ ఆదాయపు పన్నులో మినహాయించుకోలేరు.

అమెరికాలోని తెలుగువారికి ఇది చదివి వదిలేసే విషయం కాదు. వీసా, గ్రీన్ కార్డు, పౌరసత్వం పూర్తిగా ఫెడరల్ వ్యవహారాలు. రాష్ట్ర చట్టం అనుమతించినా, పౌరులు కానివారికి గంజాయి నేరమే. కేసు, శిక్ష లేకపోయినా, విమానాశ్రయంలో అధికారి ప్రశ్నకో, గ్రీన్ కార్డు వైద్య పరీక్షలో డాక్టరు ప్రశ్నకో వాడానని ఒప్పుకుంటే దేశంలోకి అనుమతి నిరాకరించే ఆధారం దొరుకుతుంది. సొంత వాడకానికి 30 గ్రాముల లోపు ఉంచుకున్న ఒక్క కేసుకు బహిష్కరణ నుంచి మినహాయింపు ఉంది. అది ప్రవేశానికి, పౌరసత్వానికి వచ్చే చిక్కులన్నిటినీ తీర్చదు. లైసెన్సున్న గంజాయి సంస్థలో ఉద్యోగం చేయడం కూడా పౌరసత్వ దరఖాస్తులో సత్ప్రవర్తన నిరూపణకు అడ్డు కావచ్చని ఇమిగ్రేషన్ విభాగం 2019 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. ఎఫ్-1 మీద చదువుకునే విద్యార్థి, హెచ్-1బీ మీద పనిచేసే ఇంజనీరు, గ్రీన్ కార్డుతో ఇరవై ఏళ్లుగా ఉన్న తల్లిదండ్రులు, ముగ్గురికీ ఇదే వర్తిస్తుంది. అందరిలాగే కార్డు గీకి, రసీదు తీసుకుని, చట్టబద్ధంగానే కొన్నాం కదా అనుకోవడంలోనే ప్రమాదం ఉంది. కాలిఫోర్నియాలోనే ఉన్నా యోసెమిటీ లాంటి జాతీయ పార్కుల్లో ఫెడరల్ చట్టమే నడుస్తుంది.

భారత్‌లో ఇదే ప్రశ్న

భారత రాజ్యాంగంలో పౌరులు చట్టం రాసి ఓటుకు పెట్టే వీలు లేదు. గంజాయికి పన్ను వేయాలా, నిషేధించాలా అన్న ప్రశ్న మాత్రం ఇక్కడ కాలిఫోర్నియా కంటే ముందే వచ్చింది. బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన హెంప్ డ్రగ్స్ కమిషన్ 1893–94లో దేశమంతా విచారించి, పూర్తి నిషేధం అవసరం లేదని, లైసెన్సులు, పన్నుతో నియంత్రిస్తే చాలని తేల్చింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు అనేక ప్రాంతాల్లో లైసెన్సు దుకాణాల్లోనే గంజాయి అమ్మేవారు. 1961 అంతర్జాతీయ ఒప్పందానికి కట్టుబడి 1985లో ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు 20 కిలోలకు మించి పట్టుబడితే పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల జైలు. పూత, కాయ లేని ఆకును చట్టం గంజాయిగా లెక్కించదు కాబట్టి భాంగ్ మాత్రం ఉత్తరాది రాష్ట్రాల్లో ప్రభుత్వ లైసెన్సుతోనే దొరుకుతుంది.

ఎన్‌డీపీఎస్ కేంద్ర చట్టం కావడంతో ఆంధ్రప్రదేశ్ గానీ తెలంగాణ గానీ తమంతట తాము దీన్ని సడలించలేవు. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు మన్యంలో రాష్ట్ర ప్రభుత్వం పట్టింది పంట నరికివేత బాట. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని ఒకేచోట తగలబెట్టారు. పరిశ్రమ, వైద్య అవసరాలకు సాగును అనుమతించే అధికారం మాత్రం అదే చట్టం రాష్ట్రాలకు ఇచ్చింది. నారపంటగా జనపనార తరహా గంజాయి రకానికి ఉత్తరాఖండ్ 2018లో లైసెన్సు ఇచ్చింది. మత్తుకు కాకుండా మందులకు, పరిశ్రమకు సాగును అనుమతించాలన్న కమిటీ నివేదికను హిమాచల్ ప్రదేశ్ శాసనసభ 2024 సెప్టెంబర్‌లో ఆమోదించింది.